తెల్ల చొక్కా ఆనిన గోడ

తడిసిన సిమెంటు వాసన తగలగానే నా వీపు దానంతటదే నిటారవుతుంది. నిన్న ఒక అపార్టుమెంటు సెల్లారులోకి దిగినప్పుడూ అంతే. పునాది గోడలో వెంట్రుకంత పగులు, దాని వెంట నీరు. అప్పలనర్సయ్య మేస్త్రి నా పక్కనే ఉన్నట్టనిపించింది.

ఎలమంచిలి దగ్గర మా తాతలకు ఊరంత భూమి ఉండేది. నా చేతికి వచ్చేసరికి ఇంటిపేరు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసే అలవాటు మిగిలాయి. వాటితోనే విశాఖలో, కారే సెల్లార్లు బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. అక్కడ పనిచేసే అప్పలనర్సయ్య మేస్త్రిది మల్కాపురం. వాళ్ల నాన్న పడవ చెక్కల సందులు పూడ్చేవాడట. మొదటిరోజే నన్ను కిందికీ మీదికీ చూసి, "పెళ్లికొచ్చినావేటి బాబూ?" అన్నాడు. కూలీలు నవ్వారు. నేను నవ్వలేదు.

మేస్త్రి పగులును ఉలితో వెడల్పు చేసి, నడుమ చిన్న గొట్టం పెట్టి, రెండు కొసల నుంచీ త్వరగా గట్టిపడే సిమెంటు కూరుకుంటూ వచ్చేవాడు. నీరంతా గొట్టంలోంచి పోయేది. మర్నాడు, అంతా గట్టిపడ్డాకే గొట్టం తీసి మూసేవాడు. "నీటికి దారి నేకుండా సేత్తే అది ఊరుకోదు బాబూ. మన పని గట్టిపడినదాకా పోనీ," అనేవాడు. తర్వాత పెద్ద వాన పడి, ఆ గోడకు తాను వీపు ఆనించి చూసుకుంటే గాని పని అయిందనేవాడు కాదు.

ఒక సాయంత్రం ఆయన వెళ్లాక అపార్టుమెంటు ప్రెసిడెంటు దిగివచ్చి, "ఇంకా కారుతోందేంటండీ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గొట్టం పీకి సిమెంటు నొక్కేశాను. "అయిపోయింది, చూడండి," అన్నాను.

తెల్లారేసరికి కూరినదంతా పెళ్లలుగా ఊడిపడింది. సెల్లారులో చీలమండల లోతు నీళ్లు. "నీకు పని రాదయ్యా! నిన్ను మార్చమని మీ కాంట్రాక్టరుకి ఇప్పుడే చెప్తాను," అని ప్రెసిడెంటు మేస్త్రి మీద విరుచుకుపడి ఫోన్ తీశాడు. మేస్త్రి గొట్టం ఉండాల్సిన చోటు చూశాడు, నన్ను చూశాడు.

మా ఇంట్లో తప్పు ఒప్పుకున్నవాళ్లు లేరు. భూములు పోయింది కూడా ఆ పంతానికే.

"గొట్టం తీసింది నేను. మేస్త్రి వద్దన్న పనే చేశాను," అన్నాను. తల దించలేదు.

ప్రెసిడెంటు ఫోన్ జేబులో పెట్టాడు. "అయితే ఉలి అట్టుకో బాబూ," అన్నాడు మేస్త్రి. అందరి ముందూ, ఆ నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చోబెట్టి, పగులంతా నా చేతనే మళ్లీ చెక్కించి కూరించాడు.

పెద్ద వాన పడిన మర్నాడు ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఈసారి ఆయన గోడకు ఆనుకోలేదు. "నువ్వానుకో. తెల్ల సొక్కా కదా, మరకుంటే దాగదు," అన్నాడు. ఆనుకుని నూరు లెక్కపెట్టి తిరిగాను. వీపు మీద అరచేత్తో దులిపాడు. "ఉట్టి దుమ్మే. ఇప్పుడు సెప్పుకో బాబూ, మీ ఇంటిపేరు."

ఆయన ఇప్పుడు లేడు. నిన్నటి గోడకు గొట్టం పెట్టి వచ్చాను. పెద్ద వాన పడ్డాక తెల్ల చొక్కాతో వెళ్లి ఆనుకుంటాను. మీరెవరి తాలూకని అడిగినవాళ్లకు ఒకప్పుడు తాతల పేర్లు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ముందు అప్పలనర్సయ్య మేస్త్రి పేరు చెప్తున్నాను.