మన జట్టును గెలిపించబోయి రొయ్యల్ని తేల్చాను

మన జట్టు చిత్తుగా ఓడిన మ్యాచ్‌లు మీరూ చాలానే చూసి ఉంటారు. పిచ్‌ని తిట్టి ఉంటారు, టాస్‌ని కూడా వదిలి ఉండరు. కానీ ఆ ఓటమితో పాటు సొంత అన్న పంటను కూడా ముంచబోయిన ఘనుణ్ణి ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, మీ ముందే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోతూనే చెబుతున్నాను, వినండి.

కోట అనే ఊరి దగ్గర మా అన్నకు ఒక రొయ్యల గుంట ఉంది. ముందు పంట తెగులుకు పోయింది. ఈసారైనా చేతికి రాకపోతే వదిన ముఖం చూడలేనని అన్న అంటుండేవాడు. ఇంకో వారంలో రొయ్యలు పట్టాలి. సరిగ్గా అప్పుడే నెల్లూరులో పెళ్లికి పోతూ, గుంటను నాకు అప్పగించాడు.

"మబ్బు పట్టుండాదిరా. మేత చల్లేటప్పుడు ఏరియేటర్లు ఆపు, చల్లినాక మళ్లా వెయ్యి. మర్చిపోవు గదా?"

"నేనేమన్నా చిన్నపిల్లోడినా అన్నా?"

ఏరియేటర్లంటే నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాలు. మబ్బు రోజున అవి ఆగితే రొయ్యలకు ఊపిరి ఆడదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అదే నా కథలో విషాదం.

గట్టు మీద షెడ్డులో టీవీ ముందు నేనూ, నా స్నేహితుడు పెంచలయ్యా కూర్చున్నాం. కొండంత స్కోరు కొట్టాలి. మనవాళ్లేమో తప్పు బస్సెక్కినవాళ్లలా వచ్చినంత వేగంగా దిగిపోతున్నారు. నాలుగో వికెట్ పడ్డాక నేను ఏరియేటర్లు ఆపి మేత చల్లాను. అంతలో రెండు ఫోర్లు, ఒక సిక్సు! చల్లడం అయ్యాక స్విచ్ వేశాను. క్లీన్ బౌల్డ్!

పెంచలయ్య నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూశాడు.

"ఏం పని చేసినావబ్బయా? ఆపు, ఆపు!"

"అన్న తిడతాడురా."

"దేశం మునిగిపోతా ఉంటే నీకు రొయ్యలు కావాల్సొచ్చినాయా? ఈ ఒక్క ఓవరు ఆపు."

ఆపాను. ఫోరు! ఇక ఆ స్విచ్ ముట్టుకునే ధైర్యం మీకైనా ఉంటుందా? ఒక ఓవరు కాస్తా పది ఓవర్లయింది. అప్పుడు అన్న ఫోను.

"ఏరియేటర్లు తిరగతా ఉండాయా?"

"తిరగతా ఉండాయన్నా."

"మరి చప్పుడు రాలేదేందిరా?"

పెంచలయ్య చటుక్కున బకెట్లో నీళ్లను చెంబుతో టపటపా కొట్టాడు. నేను ఫోను ఆ బకెట్ దగ్గర పెట్టాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఇంత చేసినా మళ్లీ వికెట్లు పడుతూనే ఉన్నాయి. ఎనిమిదోది కూడా పడింది. "ఇంకా రెండుండాయి గదా, గెలస్తాం!" అన్నాడు పెంచలయ్య. ఇంతలో బయట కొంగల గోల. తొంగిచూస్తే రొయ్యలన్నీ నీటిపైకి తేలి, మీసాలు బయటపెట్టి గట్టు వైపు వస్తున్నాయి. స్విచ్ వేసి, ఆక్సిజన్ పొడి బస్తా విప్పి, ఇద్దరం గుంట చుట్టూ పరిగెడుతూ చల్లాం. ఆఖరి వికెట్ పడటం మేం చూడనే లేదు.

పొద్దు వాలేసరికి రొయ్యలు అడుక్కి దిగాయి. పంట నిలిచింది, కానీ చచ్చినవి కొన్ని గట్టుకు కొట్టుకొచ్చాయి. పెళ్లిబట్టల్లో వచ్చిన అన్న వాటినే చూస్తూ నిలబడిపోయాడు. బకెట్ సంగతితో సహా అంతా చెప్పేశాను.

"రొయ్యలు పోతే పోయినాయి. నాకు అబద్ధం ఎందుకు చెప్పినావురా?"

కొట్టినా అంత బాధ ఉండేది కాదు. తల ఎత్తలేకపోయాను. అన్న అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆపినప్పుడు నిజంగానే ఫోర్లు పడినాయా?"

"పడినాయన్నా."

"సరేలే. వచ్చే మ్యాచ్ మనదే."

ఆ రోజే చచ్చిన రొయ్యల సాక్షిగా ప్రమాణం చేశాను. మన జట్టు ఎంత కష్టంలో ఉన్నా సరే, ఈ జన్మలో ఏరియేటర్ స్విచ్ జోలికి పోను. ఒకవేళ ఫైనలే అయితే, ముందు అన్నను అడుగుతాను.