కిమ్చీ ఫ్రిజ్ పక్క గోడ

ప్యో గిల్‌జేకి అరవై ఒక్కేళ్ళు. అందులో ముప్పై నాలుగేళ్ళు ఇళ్ళు వెచ్చగా ఉండేలా నేల కింద వేడినీటి గొట్టాలు పరచడంలోనే గడిచాయి. తాను పరిచిన నేలల మీద వొంజు ఊళ్ళో ఎన్ని కుటుంబాలు పడుకుంటున్నాయో అతనికే తెలియదు. కోపిష్టి అని పేరు. ఆ పేరు తప్పు కాదు.

నవంబరులో ఒక పొద్దున కొత్త అపార్టుమెంట్లలో థర్మోస్టాట్లు బిగించడానికి వెళ్ళాడు. మర్నాడు వాల్‌పేపర్ వాళ్ళు వస్తారు. వాళ్ళు అంటించాక ఇక గోడ కొయ్యడానికి ఉండదు. మొదటి ఇంట్లోనే ఆగిపోయాడు. హాలు థర్మోస్టాట్ పెట్టె, ఊరేసిన కాబేజీ దాచుకునే కిమ్చీ ఫ్రిజ్ కోసం వదిలిన సందు పక్కనే ఉంది. డ్రాయింగు చూశాడు. ఎనభై నాలుగు ఇళ్ళలోనూ అంతే.

ఆ ఫ్రిజ్ పక్కల నుంచి ఎప్పుడూ వేడి వదులుతుంది. ఆ వేడి తగిలితే ఇల్లంతా వెచ్చబడిందనుకుని థర్మోస్టాట్ వేడినీళ్ళు ఆపేస్తుంది. నేల చల్లబడుతుంది. ఆ నేల మీదే కూర్చుంటారు, తింటారు, పసిపిల్లల్ని పడుకోబెడతారు.

సైటు ఇంజనీరు మేంగ్ సుక్‌హోని పిలిచాడు.

"పెట్టె అవతలి గోడకి మార్చాలి. ఐదుగురం దిగితే రెండు రోజుల పని."

"డ్రాయింగులో ఇక్కడే ఉంది మేస్త్రీగారూ."

"ఆ గీసినవాడు ఎప్పుడైనా నేల మీద పడుకున్నాడా?"

"రేపు వాల్‌పేపర్ మొదలు. ఇప్పుడేంటండీ ఈ గొడవ?"

గిల్‌జే అతన్ని నమూనా ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ ఫ్రిజ్ చూపుకే పెట్టారు. దాని ప్లగ్ పెట్టి, థర్మోస్టాట్‌ని ఇరవై రెండు డిగ్రీలకి తిప్పి కూర్చున్నాడు. మేంగ్ ఫోను చూసుకున్నాడు. గంటన్నరకి అంకె ఇరవై రెండయింది. గొట్టాల్లో నీళ్ళ చప్పుడు ఆగింది.

"సాక్సు తియ్యి."

"ఏంటీ?"

"తియ్యి. కిటికీ దగ్గర నిలబడు."

మేంగ్ నిలబడ్డాడు. ఒక కాలు మీంచి ఇంకో కాలికి మారాడు.

"సరే, చల్లగానే ఉంది. ఫ్రిజ్ అక్కడ పెట్టొద్దని కాగితం అంటిద్దాం."

"మరి కిమ్చీ నీ నెత్తిన పెట్టుకుంటారా? సందు వదిలింది దేనికి?"

మేంగ్ బయటికెళ్ళి పైవాళ్ళకి ఫోన్ చేసి వచ్చాడు. గిల్‌జే కళ్ళలోకి చూడలేదు.

"నమూనా ఇల్లు మార్చమన్నారు. కొనేవాళ్ళు చూసేది ఇదేగా. మిగతావి డ్రాయింగు ప్రకారమే."

"చూసేవాడికి వెచ్చన, ఉండేవాడికి చల్లన!"

"నన్నెందుకు తిడతారు? నేను గీశానా?"

"ఇందాక చల్లబడ్డ కాళ్ళు నీవేగా!"

గిల్‌జే సంచీ భుజాన వేసుకుని నమూనా ఇంట్లోంచి బయటికి నడిచాడు. మొదటి అంతస్తులో మొదటి ఇంటికెళ్ళి, పెట్టె కోసం అవతలి జిప్సం గోడలోకి రంపం దింపాడు. తెల్లటి దుమ్ము లేచింది. వెనకే వచ్చిన మేంగ్ అరిచాడు.

"అది కాదండీ! మీ మీద ఫిర్యాదు రాస్తాను!"

"రాయి. పేరు తప్పు లేకుండా రాయి."

సాయంత్రానికి నాలుగు ఇళ్ళయ్యాయి. ఐదో ఇంటి గుమ్మంలోకి మేంగ్ వచ్చాడు.

"వాల్‌పేపర్ వాళ్ళని రేపు పై అంతస్తుల నుంచి మొదలెట్టమన్నాను. ఇక్కడికి దిగేసరికి రెండు రోజులు పడుతుంది. అంతకంటే నా చేతుల్లో లేదు."

గిల్‌జే తల తిప్పలేదు.

"పైన ఉండబోయేవాళ్ళు మనుషులు కారా?" అన్నాడు. రంపం ఆపలేదు.