పిడికిట్లో దొరికిన ఏడు వెంట్రుకలు

2011లో నన్ను ఫోరెన్సిక్ ప్రయోగశాల జీవశాస్త్ర విభాగంలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా నియమించారు. రక్తపు మరకలు, వెంట్రుకలు మా విభాగానికి వచ్చేవి. అప్పటికి చిక్కడపల్లిలో కిరాయి ఇంట్లో ఉండేవాణ్ణి. మా తాతగారు దొరల కోటలాంటి గడిలో ఉండి ఊళ్ళేలినవారు. ఆ గడి నా చిన్నతనంలోనే చేతులు మారింది. నాకు మిగిలింది నా సంతకం. రుజువు కాని మాట కింద దాన్ని ఏనాడూ పెట్టలేదు.

ఆ వానాకాలంలో అశోక్ నగర్ కేసు ఒకటి వచ్చింది. మేడలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడను పట్టపగలు ఎవరో వెనకనుంచి తోసి, మెడలో గొలుసు తెంపుకుపోయారు. ఆమె మొహం చూడలేదు. స్పృహ తప్పిన ఆమె పిడికిట్లో ఏడు పొడుగాటి నల్ల వెంట్రుకలున్నాయి. అనుమానం పాలమూరు నుంచి వచ్చి ఆ ఇంట్లో పనిచేస్తున్న యాదమ్మ మీద. ఇన్‌స్పెక్టర్ ఆమె వెంట్రుకలు కత్తెరతో కత్తిరించి పంపాడు. తిప్పి పంపాను. పోలిక నమూనాను తలలో ఐదు చోట్ల నుంచి కుదుళ్ళతో సహా తీయాలి.

ఆస్పత్రిలో డాక్టరు నా ఎదుటే తీశారు.

“ఎంటికలు పీకుతున్రు గని సారూ, నా మాట ఎవ్వరు ఇంటలేరు,” అంది యాదమ్మ. “నాలుగిండ్లోళ్ళు పనికి రావద్దన్నరు. జైలుకు తోలుతరంట. ఇవి నిజం జెప్తయా?”

“నీవి కాకుంటే చెప్తయమ్మా.”

“నా నోటికి లేని ఇలువ నా కొప్పుకున్నదన్నట్టు!” అని నవ్వింది. పక్కనున్న ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

కంటికి రెండు నమూనాలూ ఒక్కటే. సూక్ష్మదర్శిని కింద వేరు. తలనుంచి లాగితే కొన్నింటికైనా కుదురు వస్తుంది, తెగితే కొస చిట్లుతుంది. ఆ ఏడింటికీ రెండు కొసలూ కత్తెర పడ్డవే. పైగా వెంట్రుక మీద చేప పొలుసుల వంటివి ఉంటాయి. అవి ఎప్పుడూ కుదురు నుంచి కొసవైపే తిరిగి ఉంటాయి. వెంట్రుకలు దొరికిన వరస చెదరకుండా, గోళ్ళరంగు పలుచగా పూసిన గాజు మీద అచ్చు తీశాను. నాలుగింటి పొలుసులు ఒకవైపు, మూడింటివి ఎదురువైపు. ఏ తల మీదా జుట్టు అట్లా మొలవదు. అది సవరం, కోసిన జుట్టు పోగుచేసి కట్టి జడలో కలుపుకునేది.

పెద్దావిడ జడలోదే కావచ్చు, ఆమె సవరం తెమ్మని ఇన్‌స్పెక్టర్‌తో అన్నాను.

“మళ్ల ఎట్ల అడగాలె సార్? పెద్దింటామె. ఒకసారి అడిగితేనే, మా ఇండ్లల్ల అసుంటివి పెట్టుకోరు అన్నది. నన్ను పరేషాన్ చేయకుండ్రి.”

“మా అమ్మ గూడ పెద్దింటామెనే. పోయినంక పెట్టె తెరిస్తే మూడు సవరాలెల్లినయి. కాయిదం రాసిస్త, తీస్కపోండి.”

ఆఫీసులో మా ఇంటి సంగతి చెప్పింది ఆ ఒక్కసారే.

వారానికి సవరం వచ్చింది. మందం, రంగు, కత్తెర కొసలు, ఎదురుబొదురు పొలుసులు అన్నీ కలిశాయి. పడిపోతూ ఆమె పట్టుకున్నది తన జడనే అయి ఉండాలి. ‘ఆ సవరానివే’ అని రాయమన్నాడు ఇన్‌స్పెక్టర్. రాయలేదు. ‘ఆ సవరాన్ని పోలి ఉన్నవి; యాదమ్మ నమూనాతో కలవనివి’ అని రాశాను. ఆ వాక్యంతో యాదమ్మ పేరు కేసులోంచి పోయింది. గొలుసు తెంపినదెవరో ఆ వెంట్రుకలు చెప్పలేదు.

వెంట్రుక ఒకరిది కాదని సూక్ష్మదర్శినితో ధైర్యంగా చెప్పవచ్చు, ఒకరిదేనని చెప్పరాదు. ఇది పుస్తకాల్లో ఉన్నదే. ఆ కేసు నేర్పింది మరొకటి. బాధితురాలి నమూనా నా మొదటి ఉత్తరంలోనే అడగవలసింది. మేడలో ఉన్న తల కనుక నేనూ అడగలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఫిర్యాదు చేసినవారి నమూనా లేని కవరును నేను తెరవలేదు.