పేతురు కోడిని మార్చుకొచ్చిన సంగతి

ఉదయగిరి కొండ కింద ఒక జంతుశాల ఉంది. బైబిల్లో పేరున్న జంతువులు తప్ప వేరేవి అందులో ఉండవు. నేను పోయినప్పుడు సింహం నన్ను చూసి గర్జించింది, ఒంటె మోకాళ్ల మీద కూర్చుంది, యోనాను మింగిన చేప నీళ్లలోంచి తలెత్తింది.

సరే, ఆ సింహం గోడ మీద రంగులతో వేసింది. గర్జన స్పీకర్‌లోంచి వచ్చింది. ఒంటె సిమెంటుది, కట్టినప్పటి నుంచీ కూర్చునే ఉంది. చేప మాత్రం నిజమే, తొట్టిలో బొచ్చె చేప. యోనా సంగతి అటుంచి, నేను వేసిన బొరుగులను కూడా పట్టించుకోలేదు. గాడిద, గొర్రెలు, పావురాలు, కోడి ప్రాణమున్నవే. నేనూ మా ఇంటామే పోయింది ఆ కోడి కోసమే.

చెయ్యి తప్పింది నాదే. మా ఆత్మకూరు చర్చిలో కోత పండక్కి ఇంటికొక కానుక తెస్తారు. గుమ్మడికాయో, వడ్ల మూటో, కోడో. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఎడమ గంప కింద నల్లపుంజు ఉంది, అది తీసుకుపో అంది మా ఇంటామె. కరెంటు లేని తెల్లవారుజామున నేను కుడి గంప ఎత్తాను. చర్చిలో ప్రభువు బల్ల ముందర పెట్టినాక చూస్తే, అది ఆమె ప్రాణంగా పెంచుకున్న ఎర్రపుంజు.

బల్ల ముందర పెట్టినదాన్ని వెనక్కి తీసుకోవడం మా వాళ్లలో లేదు. కావాలంటే వేలంలో పాడుకోవాల్సిందే. నేను చర్చి దద్దరిల్లేట్టు పాడాను. అబద్ధమెందుకు, రెండో పాటకే నోరు మూసుకున్నాను. ఉదయగిరి నుంచి వచ్చిన ఒక రిటైర్డు బడి అయ్యవారు దాన్ని పాడుకుని పోయాడు. ఆ జంతుశాల ఆయనదే. ఆయనకు పేతురు కోడి కావాలంట. యేసు ఎవరో తనకు తెలియదని పేతురు మూడోసారి బొంకగానే కూసిందే, ఆ కోడి.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో తెల్లవారడం మానేసింది. మా ఆమె ఆ పుంజు కూతకే లేచేది. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టిస్తే దాన్ని దిండు కిందకు తోసేసింది. పుంజు తిరిగి వచ్చేదాకా నీ కాఫీ నువ్వే పెట్టుకో అంది.

అందుకని నల్లపుంజును సంచిలో వేసుకుని, మార్పిడి చేసుకొద్దామని ఇద్దరం ఉదయగిరి బస్సెక్కాం. కండక్టరు దానికి కిటికీ పక్క సీటు ఇప్పించాడు. లేదులెండి, సీటు కింద దాచిపెట్టాను. అది కొక్కొక్కో అంటే వినపడకూడదని దారంతా దగ్గుతూ కూర్చున్నాను.

మా ఆమెను చూడగానే గూట్లో ఎర్రపుంజు కన్నీళ్లు పెట్టుకుంది. కోళ్లు ఏడవవని నాకూ తెలుసు. తీగల్లోంచి ఆమె వేలు పొడిచింది, అంతే. ఆమెకు అదే చాలు.

"అయ్యవారూ, ఇది మేము దేవుడికి ఇచ్చింది గాదు. ఈయన చెయ్యి తప్పినాడు. దేవుడికని అనుకున్నది ఇది" అని నల్లపుంజును ఆయన ముందర పెట్టింది.

అయ్యవారు కాదనలేదు గానీ ఒక మెలిక పెట్టాడు. ఆదివారం సాయంత్రాలు పిల్లలు వస్తారు, పేతురు కథ చెప్తాను, కథ అయ్యేలోపల ఎర్రది కూసి తీరుతుంది, నల్లది కూడా కూస్తుందంటే మార్చుకోండి, అన్నాడు.

నల్లది కూయలేదు. గింజలు తినింది, నీళ్లు తాగింది, ఒంటె నీడలో కళ్లు మూసింది. మా ఆమె మొహం చిన్నబోయింది. అది చూడలేక నేను ఒంటె వెనక్కి పోయి, పంచె సర్దుకుని, కూశాను. కొండ మీద కోళ్లన్నీ బదులు పలికాయి. కొండ మీద కోళ్లు లేవనుకోండి. గాడిద తల తిప్పి చూసింది.

అయ్యవారు వచ్చి, "కూసింది నువ్వేనా?" అన్నాడు.

"నేను గాదు."

మా ఆమె వచ్చింది. "నువ్వే గదా?"

"నాకేం తెలవదు."

అయ్యవారు మళ్లీ అడిగాడు. మూడోసారీ కాదన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే నల్లపుంజు మెడ నిక్కించి కూసింది.

చర్చిలో ఇంతవరకే చెప్తాను, అందరూ ఆశ్చర్యపోతారు. జరిగింది వేరు. రెండోసారి కాదనేసరికే మా ఆమెకు నవ్వొచ్చింది. కోత పండగ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఇంక దాచలేక ఒప్పేసుకున్నాను. నల్లది నిద్ర లేవనే లేదు.

అయ్యవారు గూడు తలుపు తీశాడు. "నీ పుంజును తీసుకుపోమ్మా. నల్లదానికి కూత వచ్చిందాకా ఆదివారాలు ఈయన్ని పంపించు. పిల్లలకు కనపడకుండా ఒంటె వెనక నిలబడాల."

మర్నాడు మా ఇంట్లో తెల్లవారింది, కాఫీ కూడా వచ్చింది.

నల్లపుంజు తొందరగానే కూత పట్టింది. ఇంక నువ్వు రానక్కర్లేదు అన్నాడు అయ్యవారు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. ఆదివారం చర్చి కాగానే ఇప్పటికీ బస్సెక్కుతున్నాను. గూట్లో కోడి కంటే ఒంటె వెనక కోడే బాగా కూస్తుందని పిల్లలంతా అంటున్నారు. అంతా కాదు, ఒక పిల్ల అనింది.