బావ వెన్ను నీళ్లు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా బావ నాకు కుర్చీ వేశాడు. "కూసోండ్రి, చాయ తాగుతరా?" అన్నాడు. వంటింట్లోంచి అక్క తొంగి చూసింది. నాకూ ఆమెకూ ఒకేసారి భయం వేసింది.

మా వైపు బావ బామ్మర్దిని ఆటపట్టించకుండా లోపలికి రానివ్వడు. అది ఆయన హక్కు. కరీంనగర్ నుంచి సూరత్ వచ్చి, ఆ పక్కనే ఉన్న కిమ్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా బావ పెళ్లినాటి నుంచి ఆ హక్కును ఒక్క పూట కూడా వదులుకోలేదు. నేను సూరత్ మున్సిపల్ తెలుగు బడిలో పంతులుని. గడపలో కనిపిస్తే చాలు, "ఏం పంతులూ, ఇయ్యాల అన్నం తిన్నవా, పుస్తకమే తిన్నవా?" అనేవాడు. అలాంటి మనిషి నాకు మర్యాద చేశాడు.

అది కరోనా రెండోసారి వచ్చిన వేసవి. బావకు జ్వరం వచ్చి తగ్గింది కానీ నిద్ర మళ్లీ పట్టలేదు. సాంచాలు బందయి ఉన్నా చప్పుడు వినిపిస్తోందనేవాడు. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీ మూసేవాడు. అక్క ఇదంతా జ్వరం తాలూకు నీరసం అనుకుంది. నాకు కుర్చీ వేయడం చూశాకే దవాఖానకు పోదామంది.

సూరత్‌లో మేం వెళ్లిన మనసు జబ్బుల డాక్టరమ్మ తెలుగావిడే, గుంటూరు వైపు. వెన్నులోంచి కొంచెం నీళ్లు తీసి పరీక్షించాలంది.

"మెదడు చుట్టూ ఉండే నీళ్లేనండీ అవి. వాటిలో ప్రొటీన్లు ఎంత ఉన్నాయో, ఏవి ఉన్నాయో చూస్తాం. జ్వరం తర్వాత మెదడుకు వాపు వస్తే ఒక్కోసారి అచ్చం మనసు జబ్బులాగే ఉంటుంది. అదైతే మందు వేరు."

బావ ఒప్పుకోలేదు. వెన్ను నీళ్లు తీస్తే మనిషి ఇక నిలబడలేడని కార్ఖానాలో అందరి నమ్మకం. ఆయనదేమో షిఫ్టంతా నిలబడి చేసే పని. "నిలవడరాకపోతే నన్నెవడు పెట్టుకుంటడు?" అన్నాడు గోడవైపు చూస్తూ. నేను చదివినదంతా చెప్పాను. బుద్ధిగా తలూపి, వద్దన్నాడు.

వరండాలో అక్క నన్ను అడిగింది, "తమ్మీ, మల్ల మనిషయితడా?" 

ఆమె లోపలికి పోయి ఆయన ముందు నిలబడింది. "ఇద్దరు పిల్లలకు కడుపు కోసినప్పుడు నాకు గా వెన్నులనే సూది గుచ్చిండ్రు. గిన్నేండ్లసంది నిలవడి నీకు రొట్టెలు జేస్తలేనా? మంచంల పండుకొని జేస్తున్ననా?"

బావ గోడవైపు నుంచి ఆమె వైపు తిరిగాడు. "అయితే నీకు కోపం గా సూదితోనే ఎక్కిందా?" అన్నాడు. "నాకు గూడ ఎక్కితే ఒక్క ఇంట్ల ఎట్ల బతుకుతం?"

డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వింది. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. బావ సూది కోసం పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు.

నీళ్లలో ప్రొటీన్ ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువుందని రిపోర్టు వచ్చింది. ఆ ఒక్క అంకెతో జబ్బుకు పేరు పెట్టలేనని డాక్టరమ్మ చెప్పింది. మనసు జబ్బు ఉన్నవాళ్లలోనూ కొందరికి ఇలాగే ఉంటుందట. వాపు ఉండి ఉండవచ్చని దానికి మందు మొదలుపెట్టి, మిగతాది మనిషిని చూసి తేల్చుకుందామంది. తెలియనిది తెలియదని చెప్పినందుకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

అక్క మాత్రం ప్రొటీన్ ఎక్కువుందన్న మాటను మరోలా తీసుకుంది. కరోనా తగ్గినవాళ్లకు ప్రొటీన్ కావాలని అందరూ చెబితే ఆమె రోజూ గుడ్లు ఉడకబెట్టి పెడుతోంది. అవే వెన్నులోకి చేరాయనుకుని బంద్ చేసేసింది. పప్పు కూడా పలచబడింది. మళ్లీ దవాఖానకు వెళ్లినప్పుడు బావ చేతులు జోడించాడు.

"డాక్టరమ్మా, ఇంకో సూది గుచ్చుండ్రి గని, నా గుడ్డు నాకు ఇప్పియ్యుండ్రి. గీ పంతులు గిన్ని పుస్తకాలు సదివి గూడ నా దిక్కు ఒక్క మాట మాట్లాడలే."

"తిన్న గుడ్డు అక్కడిదాకా పోదమ్మా. పెట్టండి," అంది డాక్టరమ్మ అక్కతో.

"మల్ల నిన్ను అన్నడు, ఇన్నవా?" అని అక్క తిరుగు దారిలో నన్ను మళ్లీ మళ్లీ అడిగింది, పక్కనే ఉన్న నేను విననట్టు.

చలికాలానికి బావ మళ్లీ సాంచాల మధ్య నిలబడ్డాడు. ఆదివారాలు నేను రైలెక్కి కిమ్ వెళ్లేవాణ్ని. ఇద్దరం పేకాట ఆడేవాళ్లం. ఆయన దొంగాట ఆడి, నాకు లెక్క రాదనేవాడు.

మరుసటి ఏడు పనిలో ఉండగానే ఆయన గుండె ఆగింది. వెన్ను నీళ్లు తీసినందుకే పోయాడని ఊరి నుంచి వచ్చినవాళ్లు అన్నారు. అక్క వాళ్లతో వాదన పెట్టుకోలేదు. "సాంచ కాడ నిలవడే పోయిండు," అని మాత్రం అంది.

అక్క ఇప్పుడు పిల్లలతో మా ఇంట్లోనే ఉంటోంది. ఆదివారాలు నేను కిమ్ వెళ్లడం లేదు.