ఖాళీలో పెట్టిన చీటీ

నాయకుల కాగితాలు దాచే ఆ భవనంలో ఆమెను అందరూ చీటీలమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి. పదవి దిగిపోయిన మంత్రులూ, కన్నుమూసిన ఎంపీల ఇంటివాళ్లూ ఉత్తరాలూ ఫైళ్లూ పెట్టెలకెత్తి అక్కడికే పంపేవారు. ఆ పెట్టెల్లోంచి ఏ కాగితం బయటికొచ్చినా, ఖాళీలో ఒక పసుప్పచ్చ చీటీ పెట్టాలి: ఏది తీశారు, ఎవరు తీసుకున్నారు, ఎవరిచ్చారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆమె ఆ నియమం తప్పలేదు. ఇంట్లో గొడుగు పట్టుకెళ్లాలన్నా భర్త, "చీటీ రాసివ్వనా?" అని ఏడిపించేవాడు.

ఆ మధ్యాహ్నం పెద్ద మంత్రిగారి కార్యదర్శి వచ్చాడు. వెనకే డైరెక్టరు, నేలచూపులు చూస్తూ.

"మా సారు కిందటిసారి పదవి దిగినప్పుడిచ్చిన పెట్టెలో గనుల ఫైలుంటుంది, ఇచ్చెయ్యండమ్మా. రాసుకోవడాలేం వద్దు."

రిటైర్మెంటు దగ్గరపడింది. మచ్చ పడకుండా ఇల్లు చేరితే చాలనుకుంది. పెట్టె తెరిచి ఫైలు ఇచ్చేసింది.

సాయంత్రం కూరగాయలు తరుగుతుంటే గుర్తొచ్చింది. పెట్టె మూసేముందు చెయ్యి దాని మానాన అది చీటీ రాసి పెట్టేసింది, కార్యదర్శి పేరుతో సహా. నా అలవాటు మండిపోను, అనుకుంది.

ఎవరూ రాకముందే తీసేద్దామని పొద్దున్నే పరుగెత్తింది. పెట్టె అప్పటికే డైరెక్టరు బల్ల మీదుంది. ఇంకేమైనా మిగిలాయేమో చూడ్డానికి కార్యదర్శి మళ్లీ వచ్చాడు. చీటీ అతని చేతిలో ఉంది.

"కూర్చోండమ్మా. మీ దస్తూరి ముత్యాల్లా ఉంది." ఖాళీ చీటీ ఒకటి ఆమె ముందుకు జరిపాడు. "ఇంకోటి రాయండి. తీసుకున్నవారు అన్నచోట మీ పేరు."

"నేను తీసుకోలేదు కదండీ."

"రిటైర్మెంటు ఎప్పుడన్నారు?"

డైరెక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆమె రాసింది. ఆ చేత్తో రాసిన మొదటి అబద్ధం అది. ఇక ఎప్పుడు ఎవరు ఆ పెట్టె తెరిచినా దొంగ తనే.

కార్యదర్శి పాత చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె చూపు ఆ జేబు దగ్గరే ఆగిపోయింది. పెట్టెలోంచి ఇంకో కాగితం బయటికెళ్తోంది.

"దానికీ చీటీ రాయాలండీ," అంది. "మీరే కదా తీసుకెళ్తున్నది."

అది అలవాటో, తెగింపో ఆమెకే తెలియలేదు. కలం మాత్రం ఆగలేదు. అతని పేరు సగం రాసేసింది.

కార్యదర్శి నవ్వలేదు. లేచి వెళ్లి, గది తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టాడు.