కీసర వంతెన మీద

జగ్గయ్యపేట నుంచి బెజవాడ వెళ్ళే ఉదయం బస్సుకు ఆయన డ్రైవరు. నేను నందిగామలో ఎక్కి కంచికచర్ల బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళేవాణ్ణి. ఆయన తన వెనక సీటు మీద తువ్వాలు పరిచి నాకోసం ఉంచేవాడు. కీసర దగ్గర మునేటి వంతెన అప్పట్లో ఒక్క బండికే సరిపోయేది. అవతలి ఒడ్డున బండి కనిపిస్తే చాలు, ఆయన ఆగిపోయేవాడు. మేం విసుక్కుంటే, "రానివ్వండి, వాళ్ళూ ఇళ్ళకు పోవాలిగా" అనేవాడు.

అరవై అయిదులో పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. బస్సంతా అదే గొడవ. ఆ ఊపులో నేను, "ఏం సాయిబు గారూ, మీవాళ్ళేమంటున్నారు?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

"ఇంట్లో కందిపప్పు అయిపోయిందంటున్నారు మాస్టారూ" అన్నాడాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆ రోజే వంతెన మధ్యలో లారీ ఎదురైంది. "మనమే ముందొచ్చాం, తగ్గొద్దు!" అని అరిచాం. అందరిలో నా గొంతే పెద్దది.

"ఇద్దరం ఇక్కడే బిగుసుకుంటే మీ బళ్ళో పిల్లలకు పండగేనండి" అంటూ ఆయన బస్సును నెమ్మదిగా ఒడ్డు దాకా వెనక్కి తీశాడు. లారీవాడు చెయ్యెత్తి దణ్ణం పెట్టి పోయాడు.

మర్నాడు మొహం చెల్లక చివరి సీట్లో కూర్చున్నాను. బస్సు కదల్లేదు. ముందు సీటు మీద తువ్వాలు అలాగే ఉంది.

"మాస్టారొచ్చి కూర్చుంటేనే బండి కదిలేది" అన్నాడు, అద్దంలో నన్ను చూస్తూ.

వెళ్ళి కూర్చున్నాను. కీసర వచ్చింది. అవతలి ఒడ్డున ఏదో బండి కనబడింది. ఆయన కంటే ముందు నేనే అన్నాను, "రానివ్వండి."